వెయ్యి మంది భోజనం, ఒక కాటా

అన్నదానం ముగిశాక షామియానా వెనక పేరుకున్న కుప్పను చూస్తే అంతా గ్లాసులూ ప్లేట్లే అనిపిస్తుంది. కాటా మీద పెడితే లెక్క మారిపోతుంది. కాగితపు గ్లాసు బరువు మూడు, నాలుగు గ్రాములే. కిలో తూగాలంటే 250 నుంచి 330 గ్లాసులు కావాలి. ఎంగిలి అన్నం, సాంబారు కలిసిన బకెట్టు ఒక్కటే పది కిలోలు దాటుతుంది. కంటికి కనబడేది గ్లాసులైతే, ట్రాక్టరును బరువెక్కించేది అన్నం. ఈ రెండూ వేర్వేరు సమస్యలు, వీటికి మందులు కూడా వేర్వేరే. అందుకే కాలేజీ వార్షికోత్సవానికైనా, ఊరి జాతరకైనా చెత్త తగ్గించే పని తలకెత్తుకున్న విద్యార్థులు ముందు సంపాదించాల్సింది చీపురు కాదు, కాటా.

వంద కిలోలు తూచే కొక్కెం కాటా, ఒక టార్పాలిన్, చేతి తొడుగులు, నలుగురు మనుషులు ఉంటే చాలు. మీ కార్యక్రమానికి ముందు అలాంటిదే ఇంకొకటి ఎక్కడైనా జరుగుతుంటే అక్కడికి వెళ్లి, బయటికి వచ్చే ప్రతి సంచినీ తూచండి. ప్రతి ఐదో సంచిని టార్పాలిన్ మీద గుమ్మరించి వేరుచేయండి: తినే పదార్థం, విస్తళ్లు, గ్లాసులు, సీసాలు, కవర్లు, అలంకరణ సామాను. బరువుతో పాటు ఎన్ని సంచులు నిండాయో కూడా రాసుకోవాలి, ఎందుకంటే గ్లాసులు తూగవు గానీ చోటు మింగేస్తాయి. చివర్లో మొత్తాన్ని తిన్నవాళ్ల సంఖ్యతో భాగించండి. తలకు ఇన్ని గ్రాములు అన్న అంకె చేతికి వస్తే ఒక కార్యక్రమాన్ని ఇంకోదానితో పోల్చవచ్చు. ఖాళీ బకెట్టు బరువు తీసివేయడం చాలామంది మరిచిపోతారు. లెక్క మొత్తం అక్కడే చెడుతుంది.

ఎంగిలి ఎక్కువ కావడానికి కారణం తినేవాళ్ల నిర్లక్ష్యమని తేల్చేయడం తేలిక. అసలు కారణం చాలాసార్లు గరిటె సైజు. బంతి త్వరగా లేవాలని వడ్డించేవాళ్లు పెద్ద గరిటెతో ఒకేసారి పోస్తారు. బఫేలో అయితే మళ్లీ క్యూలో నిలబడాల్సి వస్తుందని మనమే నింపుకుంటాం. దీన్ని అక్కడికక్కడే పరీక్షించవచ్చు. మొదటి రెండు బంతులు మామూలుగా వడ్డించి ఎంగిలి తూచండి. తర్వాతి రెండు బంతులకు గరిటె చిన్నది చేసి, అన్నం బేసిన్‌తో మనిషి రెండోసారి, మూడోసారి వరసల్లో తిరిగేలా చూసి మళ్లీ తూచండి. ఆ మార్పు ఒక్కటే చేయాలి. గరిటెతో పాటు కూరా మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. తలకు 50 గ్రాములు తగ్గినా వెయ్యి మందికి 50 కిలోల అన్నం మిగులుతుంది. అది దాదాపు 18 కిలోల బియ్యం, ఎందుకంటే కిలో బియ్యం వండితే రెండున్నర నుంచి మూడు కిలోల అన్నం అవుతుంది. పిల్లలకు చిన్న పళ్లెం వేరుగా పెట్టడం కూడా మంచి ఫలితమిస్తుంది.

ముట్టని అన్నం మిగిలితే పంచిపెట్టడం మంచి పనే. కానీ గడియారం చూసుకోవాలి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికాక కూడా బతికే ఉంటాయి. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. 60 డిగ్రీల పైన వేడిగా ఉంచినదాన్నే, లేదా పొయ్యి దిగి రెండు గంటలు దాటనిదాన్నే పంచాలి. కొబ్బరి, పెరుగు కలిసినవి పంచకుండా ముందే పక్కన పెట్టేయండి.

ఎంగిలిని కుడితిలో కలిపి పశువులకు పోయడం మన ఊళ్లలో ఉన్నదే. పూటకు కొంచెం అయితే ఇబ్బంది లేదు. ఫంక్షన్ మర్నాడు మాత్రం బకెట్ల కొద్దీ అన్నం ఒకేసారి తిన్న ఆవు పొట్టలో ఆ పిండిపదార్థం వేగంగా పులిసి ఆమ్లం పెరుగుతుంది. పశువు మేత మానేసి, పొట్ట ఉబ్బి, సమయానికి వైద్యం అందకపోతే చచ్చిపోతుంది. అందులో టూత్‌పిక్కులు, కవర్లు కూడా ఉంటే ఇంకా ప్రమాదం. కుప్పను ఆరుబయట వదలకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక కంచాల సంగతి. 2022 జూలై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ నిషేధంలో ఉన్నాయి. కాగితపు గ్లాసులు ఆ జాబితాలో లేవు, అందుకే వాటి వాడకం సాగుతోంది. నిజానికి ఆ గ్లాసు లోపల పల్చని పాలిథీన్ పొర ఉంటుంది. ఒక గ్లాసును ముక్కలు చేసి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున కాగితం మెత్తబడి పొర విడిగా చేతికి వస్తుంది. కొనుగోలు కమిటీ ముందు ఈ ముక్క పెడితే ఉపన్యాసం అక్కర్లేదు. వెండి రంగు పూత ఉన్న అట్ట ప్లేట్లదీ అదే కథ. అడ్డాకు విస్తళ్లు కొనేటప్పుడు కూడా తిరగేసి చూడండి: మిషన్ మీద ఒత్తినవాటిలో కొన్నిటికి వెనక ప్లాస్టిక్ పొర, అట్ట అతికిస్తారు. పుల్లలతో కుట్టిన మోదుగ, అడ్డాకు విస్తరిలో ఆ బెంగ లేదు.

స్టీలు కంచాలైతే వెయ్యి మందికి వెయ్యి అక్కర్లేదు. బంతికి 150 మంది అనుకుంటే, తినేచోట 150, కడిగేచోట 150, చేతిలో ఓ వంద, మొత్తం 400 చాలు. సిద్దిపేటలో నడిపిన, స్టీలు కంచాలు గ్లాసులు వాడుకోవడానికి ఇచ్చే స్టీల్ బ్యాంకుల లాంటి ఏర్పాటు మీ ఊళ్లో లేకపోతే టెంట్ హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి. కడిగేచోట మూడు తొట్లు వరసగా పెట్టాలి. తొట్టిలో వేసే ముందే ఎంగిలి పూర్తిగా గీకేయాలి. ఇది చేయకపోతే సబ్బునీళ్లు 30 కంచాలకే జిడ్డెక్కుతాయి. మొదటిది సబ్బు, రెండోది జాడించే నీళ్లు, మూడోది క్లోరిన్ నీళ్లు: వంద లీటర్లకు 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 17 గ్రాములు. విడిగా కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయాలి. ఒక నిమిషం ముంచి తీసి నిలువుగా ఆరబెట్టండి. గంటల తరబడి నానబెడితే స్టీలు మీద సూది గుంటలు పడతాయి. బంతి బంతికీ నీళ్లు మారిస్తే కంచానికి సుమారు రెండు లీటర్లు ఖర్చవుతాయి. ఎండాకాలం ట్యాంకరు మీద బతికే ఊళ్లో ఇది సబబు కాదు, అక్కడ ఆకు విస్తరే మేలు.

మంచినీళ్లకు తలకు అర లీటరు లెక్కన వెయ్యి మందికి 20 లీటర్ల క్యాన్లు 25, ఎండాకాలం అయితే 40 దాకా. జగ్గులతో వరసల్లో తిరిగేవాళ్లు తగినంత మంది ఉంటేనే సీసాలు మానెయ్యగలం. నీళ్లు మళ్లీ వస్తాయో రావోనన్న అనుమానంతోనే జనం సీసా పట్టుకుని, సగం తాగి వదిలేస్తారు.

బుట్టలు ఎప్పుడూ జంటగానే ఉండాలి, తడికి పచ్చది, పొడికి నీలం. ఒంటరి బుట్ట ఎక్కడ కనబడినా అందులో అన్నీ కలిసిపోతాయి. బోర్డు చదివి వేసేవాళ్లు తక్కువ. చేయి కడిగేచోట ఒక విద్యార్థి నిలబడి చూపిస్తేనే వేరవుతుంది.

చివరికి మిగిలిన ఎంగిలిని పెరట్లోనే ఎరువు చేయవచ్చు. వంద కిలోల ఎంగిలిలో 70 కిలోలకు పైగా నీళ్లే. 30 కిలోల ఎండుటాకులు, అంటే తొక్కి నింపిన ఆరేడు గోనెసంచులు కలిపితే తేమ 60 శాతం దగ్గరికి దిగుతుంది. గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. సాంబారు, మజ్జిగ ముందే తట్టలో వడగట్టాలి. అడుగున జానెడు ఎత్తు కొబ్బరిపీచు, పుల్లలు పరిచి, మీటరు ఎత్తు కుప్ప వేసి, ఈగలు వాలకుండా పైన ఆకులు కప్పండి. రెండు మూడు రోజుల్లో లోపల 55 డిగ్రీలు దాటాలి. అమోనియా ఘాటు వస్తే ఆకులు చాలలేదని, కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడడం లేదని అర్థం. రెండో సందర్భంలో కుప్పను తిరగేయాలి. అరటాకుల మధ్య ఈనె ఆలస్యంగా చివుకుతుంది, ముక్కలు కోసి వేయండి. మాఘ ఫాల్గుణాల్లో కాలేజీ ఆవరణలో తగలబెట్టే ఆకుల్ని సంచుల్లో దాచుకుంటే ఏడాదంతా అక్కరకొస్తాయి.

లైసెన్సు లేని చోట వంద మందికి మించి గుమికూడే కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలని, చెత్త వేరుచేసి ఇవ్వాలని 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. ఆ సంగతి చెప్పిన రోజే పొడి చెత్త ఎవరు, ఏ వేళకు తీసుకెళ్తారో కూడా అడిగి రాసుకోండి. బండి రాకపోతే వేరుచేసిన సంచులన్నీ రాత్రికి మళ్లీ ఒకే కుప్పలో చేరతాయి. తూకాల పుస్తకం మాత్రం కాలేజీ ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) గదిలో ఉండాలి: ఎంతమంది తిన్నారు, ఎన్ని కిలోల బియ్యం పోశారు, ఎంత ఎంగిలి వచ్చింది. వచ్చే ఏడాది వంటమేస్త్రీ ఎసరు పెట్టే ముందు ఆ పేజీ ఆయనకు చదివి వినిపించాలి.