ముద్ర ఏదమ్మా?

పటమట రైతుబజార్‌లో ప్రకృతి వ్యవసాయం బోర్డు కింద ఒకామె కందిపప్పు అమ్ముతోంది. ఓ పెద్దాయన సేంద్రియ సరుకని చెప్పే ముద్ర కోసం ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి "ముద్ర ఏదమ్మా?" అన్నాడు. "మా పొలానికొచ్చి చూసుకోండి బాబాయ్" అందామె. ఇద్దరి మాటా న్యాయమే. చిక్కు ఎక్కడుందో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో సేంద్రియ ప్రమాణాలకు పురుడు పోసింది వ్యవసాయ శాఖ కాదు, వాణిజ్య శాఖ. 2001లో మొదలైన ఎన్‌పీఓపీని, అంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమాన్ని, వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా చూస్తుంది. విదేశీ కొనుగోలుదారు అడిగే కాగితం కోసం పుట్టిన పథకం కాబట్టి, దాని జాతీయ కమిటీలో వాణిజ్య, వ్యవసాయ శాఖలతో పాటు స్పైసెస్ బోర్డు, టీ బోర్డు, కాఫీ బోర్డు కూర్చున్నాయి. పప్పు కొనే గృహిణికి అక్కడ పనేముంది?

అమెరికా వాళ్లు ఈ కుర్చీల లెక్కను 1990లో చట్టంలోనే రాసుకున్నారు. సేంద్రియ ప్రమాణాల సలహా బోర్డులో 15 మంది. అందులో నలుగురు రైతులు, ముగ్గురు వినియోగదారుల తరఫువాళ్లు. బోర్డు సరేననకుండా ఏ కృత్రిమ రసాయనాన్నీ అనుమతి జాబితాలో చేర్చడానికి వీల్లేదు. 1997లో అక్కడి వ్యవసాయ శాఖ జన్యుమార్పిడి పంటలకూ మురుగు మడ్డి ఎరువుకూ తలుపు తీసిపెట్టి ముసాయిదా తెస్తే, జనం రెండున్నర లక్షలకు పైగా అభ్యంతరాలు పంపారు. ముసాయిదా వెనక్కి పోయింది. సలహాకు పళ్లుంటే ఇలా ఉంటుంది.

మన దగ్గర రైతులే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి ప్రభుత్వం తరఫున 2011లో గాని రాలేదు. ఇక్కడి దుకాణాల్లో అమ్మే సేంద్రియ సరుకుకు ఆహార భద్రతా సంస్థ నిబంధనలు 2017లో వచ్చాయి. చిన్న రైతు నేరుగా అమ్ముకుంటే ముద్ర అక్కర్లేదని అందులోనే ఉంది. పెద్దాయనకు ఆ సంగతి ఎవరు చెప్పారు కనుక?

మన రాష్ట్రం నడిచిన దారి వేరు. 2004లో డ్వాక్రా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సేద్యం మొదలైంది. 2014లో రైతు సాధికార సంస్థ ఏర్పడింది, 2016 నుంచి ఆవు పేడతో చేసే ఘనజీవామృతం ఎరువు, వేపాకుతో చేసే నీమాస్త్రం పురుగుల కషాయం ఊరూరా తిరిగాయి. సాగు నేర్పడంలో ఇంత చేసినవాళ్లం, అమ్మకం దగ్గర మాత్రం చేతులు ముడుచుకున్నామనే అంటాను. 2020లో రైతు భరోసా కేంద్రాల స్థాయి దాకా వ్యవసాయ సలహా మండళ్లు పెట్టారు. వాటి ధ్యాస ఏ పంట వేయాలన్న దాని మీదే నిలిచింది గాని, పండిన సేంద్రియ సరుకు మీదికి పోలేదు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) విప్పితే చూసేది రంగు, తేమ, తాలు. ఏ మందు కొట్టలేదో కాయ చెప్పదు.

పెద్దాయన చివరికి అరకిలో కట్టించుకున్నాడు. చిల్లర అందుకుంటూ "ఇంతకీ మీదే ఊరమ్మా?" అని అడిగాడు.