టెన్నిస్ సర్వ్‌లో శరీర బరువు: అపోహలు - వాస్తవాలు

"సర్వ్‌లో బరువు పడటం లేదు సార్" అని ఎవరైనా వస్తే కోచ్‌గా నేను ముందు చూసేది కాళ్లను కాదు, టాస్‌ని, అంటే కొట్టడానికి బంతిని పైకి వేసే తీరుని. (కుడిచేతి వాటం వాళ్ల కోసం రాస్తున్నాను. ఎడమచేతి వాళ్లు కుడి ఎడమలు మార్చుకుని చదవండి.)

అపోహ: బరువు వేయడమంటే ముందుకు వాలడం.

వాస్తవం: బరువు ముందుకే కాదు, పైకీ వెళ్లాలి. మోకాళ్లు వంచి నేలను తన్నితే ఆ బలం తుంటి, నడుము, భుజం మీదుగా రాకెట్‌కి చేరుతుంది. బంతి స్ట్రింగ్స్ మీద ఉండేది సెకనులో వెయ్యో వంతులు ఓ నాలుగైదు. అంతలో శరీరంతో తోయడం కుదరదు, రాకెట్ అప్పటికే వేగం అందుకుని ఉండాలి.

టాస్ తల వెనక్కి పోతే శరీరమూ దాని వెనకే పోతుంది. ఇక కాళ్లు ఎంత కష్టపడినా లాభం ఉండదు. కొట్టకుండా టాస్ మాత్రమే వేసి బంతిని పడనివ్వండి. ఫస్ట్ సర్వ్‌కైతే అది బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) లోపల అడుగు, అడుగున్నర దూరంలో పడాలి. వేసిన ప్రతిసారీ ఒక్కో చోట పడుతుంటే మిగతావన్నీ పక్కనపెట్టి దాన్నే సరిచేసుకోండి.

అపోహ: బాగా ఎగిరితేనే పవర్.

వాస్తవం: నేలను గట్టిగా తన్నితే పాదాలు వాటంతటవే లేస్తాయి. కావాలని ఎగిరేవాళ్లు తొందరపడతారు. రాకెట్ వీపు వెనక్కి దిగేలోపే కాళ్ల బలం అయిపోతుంది, భారమంతా భుజం మీద పడుతుంది.

అపోహ: వెనకకాలిని ముందుకాలి దగ్గరికి తెచ్చుకోవాల్సిందే.

వాస్తవం: సెరెనా, ముర్రే అలా చేసేవారు. ఫెదరర్, జకోవిచ్‌ల పద్ధతిలో పాదాలు ఎడంగానే ఉంటాయి. కొత్తవాళ్లకు నేను రెండోదే నేర్పుతాను.

అపోహ: నడుము ఎంత వెనక్కి వంచితే అంత మంచిది.

వాస్తవం: దయచేసి పిల్లలకు ఇది చెప్పకండి. ఎదిగే వయసు టెన్నిస్ ఆటగాళ్లలో నడుము వెన్నుపూసలకు స్ట్రెస్ ఫ్రాక్చర్లు (పదేపదే పడే ఒత్తిడితో వచ్చే సన్నని పగుళ్లు) వస్తుంటాయి. మోకాళ్లు వంచి ఎడమ తుంటిని కోర్టు వైపు కొద్దిగా జరిపితే కావాల్సినంత వంపు వస్తుంది. నడుము నొప్పి అంటున్న పిల్లలతో సర్వ్‌లు ఆపించి డాక్టర్‌కి చూపించండి.

అపోహ: సెకండ్ సర్వ్‌కి (మొదటిది తప్పితే దొరికే రెండో అవకాశానికి) కాళ్లతో పని లేదు.

వాస్తవం: స్పిన్ రావాలంటే పైకి తన్నడం తప్పనిసరి. టాస్ మాత్రం కాస్త తలవైపు ఉంటుంది.

సర్వ్ అయ్యాక కోర్టు లోపల ఎడమకాలి మీద దిగి, కుడికాలు వెనక్కి లేపి రెండు సెకన్లు నిలబడండి. ఎడమవైపు తూలిపోతున్నారంటే టాస్ కూడా అటే పోతోందేమో చూసుకోండి.