స్టేడియం మీద పేరున్న కంపెనీయే దాన్ని కట్టిందా?

హ్యూస్టన్‌లో ఆస్ట్రోస్ టీమ్ బేస్‌బాల్ ఆడే స్టేడియం 2025లో డైకిన్ పార్క్ అయిందగ్గర్నుంచి తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "డైకిన్ కొనేసిందా?" కొనలేదు. శ్రీసిటీలో కూడా ఫ్యాక్టరీ ఉన్న ఆ ఏసీల కంపెనీ 2039 సీజన్ దాకా పేరు పెట్టుకునే హక్కు తీసుకుంది, అంతే. స్టేడియం ఓనర్ స్థానిక స్పోర్ట్స్ అథారిటీ. అంటే ప్రభుత్వ సంస్థ.

స్పాన్సర్‌షిప్ ఒప్పందాలు చూసే ఉద్యోగం నాది. ఈ పుకారు నన్ను విసిగించేది ఎందుకంటే దాని వెనకే ఇంకో మాట వస్తుంది: "కంపెనీ కట్టించింది, మన జేబులోంచి ఏం పోదు." పోతుంది. టెక్సస్‌లోనే ఉన్న ఆర్లింగ్టన్ నగరంలో గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ స్టేడియం చూడండి. నగరం 50 కోట్ల డాలర్ల దాకా అప్పు చేసి పెట్టేందుకు 2016 నవంబర్‌లో ఓటర్లే ఒప్పుకున్నారు. ఆ అప్పు తీరేది డాలరుకు అర సెంటు సేల్స్ ట్యాక్స్‌తో, హోటల్ గదుల మీద 2 శాతం, అద్దె కార్ల మీద 5 శాతం పన్నుతో. స్టేడియం 2020లో తెరిచారు. పేరు మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీది.

అక్కడే ఉండే ఒక పెద్దాయన ఓ గృహప్రవేశంలో "మనకెందుకండీ ట్యాక్స్?" అన్నారు. ఆ వారం కొన్న టీవీ బిల్లు తీయించి, 8.25 శాతంలో ఆ అర సెంటు కూడా ఉందని చూపించాను. ఆయనకు కోపం వచ్చింది. రావాలి కూడా, ఇన్నేళ్లూ ఎవరూ విడమర్చి చెప్పలేదు మరి.

పేరు మీద వచ్చే డబ్బు మామూలుగా టీమ్‌కే పోతుంది. పక్కనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఏటీ అండ్ టీ స్టేడియంలో నగరానికి దక్కేది అందులో 5 శాతం, అదీ ఏడాదికి 5 లక్షల డాలర్లు మించకుండా.

కంపెనీ మునిగితే స్టేడియం మూతపడుతుందని కొందరికి టెన్షన్. అక్కర్లేదు. ఇదే హ్యూస్టన్ స్టేడియం 2000లో ఎన్‌రాన్ అనే ఇంధన కంపెనీ పేరుతో ఎన్‌రాన్ ఫీల్డ్‌గా మొదలైంది. 30 ఏళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం. 2001 డిసెంబర్‌లో ఎన్‌రాన్ దివాలా తీసింది. టీమ్ 21 లక్షల డాలర్లిచ్చి పేరు వెనక్కి తీసుకుంది, 2002లోనే జ్యూస్ బ్రాండ్ మినిట్ మెయిడ్ పేరు వచ్చింది. ఆటలు ఆగలేదు. పేరు మారితే సీజన్ టికెట్లు చెల్లవన్నది ఉత్త మాట.

మీ ఊళ్లో కొత్త స్టేడియానికి ఓటింగ్ వస్తే బోర్డు మీద ఏ పేరుంటుందని అడక్కండి. బాండ్లు, అంటే స్టేడియం కోసం చేసే అప్పు, ఎవరివి, ఏ పన్నుతో తీరుస్తారు, ఖర్చు పెరిగితే ఎవరు భరిస్తారు, పేరు డబ్బులో నగరం వాటా ఎంత అని అడగండి, ఓటు వేయకముందే.