కాలయంత్రం ఉన్నవాడికి భయమేమిటి? – కాలయాత్ర కథల్లో వేట: అపోహలు, వాస్తవాలు

కాలయాత్ర కథలు రాస్తాను, కొత్తగా రాసేవాళ్ల కథలు చదివి సలహాలూ ఇస్తాను. ఎవరో తరుముకొచ్చే ఘట్టం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. కారణం ఈ అపోహలే.

అపోహ: యంత్రం ఉంటే ఏ క్షణమైనా తప్పించుకోవచ్చు. ఇక ఉత్కంఠ ఎక్కడిది?

వాస్తవం: 1895లో వచ్చిన హెచ్.జి.వెల్స్ నవల ‘ది టైమ్ మెషీన్’ దీనికి జవాబు చెప్పేసింది. ప్రయాణికుడు 8,02,701వ సంవత్సరంలో దిగి, ముందుజాగ్రత్తగా మీటలు ఊడదీసి జేబులో వేసుకుంటాడు. ఇక యంత్రాన్ని మరొకరు కాలంలో కదిలించలేరు. మోసుకుపోవడానికి మీటలతో పనేముంది? చీకటి పడేసరికి యంత్రం మాయం! భూమి అడుగున చీకట్లో బతికే మోర్లాక్‌లు అనే జీవులు దాన్ని తెల్ల స్ఫింక్స్ విగ్రహం పీఠంలో దాచేశారు. ఆ యంత్రం కాలంలోనే కదులుతుంది, చోటు మారదు. అందుకే ప్రయోగశాలలో ఆగ్నేయ మూల నుంచి బయల్దేరింది తిరిగొచ్చి వాయవ్య మూలలో ఆగుతుంది. ఆ రెండు మూలల మధ్య దూరమే మోర్లాక్‌లు దాన్ని మోసిన దూరం. ఈ ఒక్క వివరం కోసం ఆ నవలని ఎన్నిసార్లయినా చదువుతాను.

అపోహ: తరిమేవాడు మహా బలవంతుడై ఉండాలి.

వాస్తవం: మోర్లాక్‌లు పొట్టివాళ్లు, వెలుతురు సోకితే కళ్లు చెదిరి వెనక్కి తగ్గేవాళ్లు. విడివిడిగా చూస్తే ప్రయాణికుడి దెబ్బకి ఆగలేరు. వాళ్ల బలం చీకటి, గుంపు. అతని ఆయుధం అగ్గిపుల్ల. కాబట్టి పాఠకుడు శత్రువుల్ని కాదు, పుల్లల్ని లెక్కపెట్టుకుంటాడు. చివర్లో యంత్రం కోసం లోపలికి వెళ్లగానే పీఠం తలుపులు మూసుకుపోయి, చీకట్లో మెత్తటి చేతులు మీద పడుతున్నప్పుడు అతని దగ్గర పుల్లలున్నాయి, పెట్టె లేదు. అవి పెట్టె మీద గీస్తే తప్ప వెలగని రకం! ఒక చేత్తో వాళ్లని తోస్తూ, రెండో చేత్తో మీటలు బిగించే చోటు తడుముకోవాలి. భయం పుట్టించడానికి రాక్షసుడి కోరల కన్నా ఇలాంటి చిన్న వస్తువు ఎంతో బాగా పనికొస్తుంది.

అపోహ: ఇంకో కాలానికి దూకితే గండం గడిచినట్టే.

వాస్తవం: ఆ కంగారులో అతను మీటని ముందుకి తోస్తాడు, ఇంటికి బదులు మరింత సుదూర భవిష్యత్తుకి పోతాడు. అక్కడొక సముద్రతీరం. చెంప మీద ఈగ వాలినట్టు అనిపించి తిరిగి చూస్తే, అది పెద్ద పీత మీసం! వెంటనే ఒక నెల ముందుకి దూకుతాడు. కాలం మారింది, తీరం మారలేదు. ఈసారి పీతలు డజన్ల కొద్దీ కనిపిస్తాయి. మీ కథలో యంత్రానికి చోటు మార్చే శక్తి కూడా ఇచ్చారంటే ఈ భయాన్ని వదులుకున్నట్టే. బాగా ఆలోచించి ఇవ్వండి.

అపోహ: గతంలోకి వేటకెళ్తే ప్రమాదమంతా మృగంతోనే.

వాస్తవం: రే బ్రాడ్‌బరీ 1952లో రాసిన ‘ఎ సౌండ్ ఆఫ్ థండర్’లో వేటాడేది టైరనోసారస్ అనే భారీ డైనోసార్‌ని. అది ఎలాగూ ఇంకొద్ది నిమిషాల్లో చెట్టు కూలి చచ్చేదే. అందుకే దాన్ని చంపినా చరిత్ర చెదరదని వేట నడిపేవాళ్లు ముందే చూసి, దానికి ఎర్ర రంగు గుర్తు పెట్టి ఉంచుతారు. కానీ దాన్ని చూడగానే ఒక వేటగాడు బెదిరిపోయి, నేలకి తగలకుండా వేసిన బాట దిగి అడవిలో అడుగేస్తాడు. మృగం చస్తుంది, అందరూ క్షేమంగా తిరిగొస్తారు. బయల్దేరినప్పుడు చూసిన బోర్డే గోడ మీద ఉంది, కానీ అక్షరాలు మారిపోయాయి. బాట దిగిన ఆ వేటగాడి బూటుకి అంటిన బురదలో చచ్చిన సీతాకోకచిలుక ఉంది.