బ్యారెల్‌ను అనుమానించే ముందు: తేలికపాటి పాయింట్ టూ టూ రైఫిల్‌పై అపోహలు - వాస్తవాలు

విజయవాడ శివార్లలోని ఒక రేంజిలో నేను రైఫిల్ షూటింగ్ నేర్పుతాను. గత వేసవిలో ఒక పెద్దాయన తన కుమారుడి లైసెన్సుపై కొన్న రెండున్నర కిలోల లోపు బరువున్న పాయింట్ టూ టూ (గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.22 అంగుళం) రైఫిల్‌ను బల్లమీద పెట్టి, "మాస్టారూ, దీని బ్యారెల్ పోయిందంటారా?" అని అడిగారు. 50 మీటర్ల దూరంలో ఐదు గుండ్లు అరచేయంత మేర చెదిరి పడుతున్నాయి. గురి తప్పిన ప్రతి రైఫిల్ గురించీ నేను మొదట వినే ప్రశ్న ఇదే. నా అనుభవంలో మాత్రం బ్యారెల్, అంటే గొట్టం, ఎప్పుడూ చివరి ముద్దాయి.

అపోహ: తేలికపాటి రైఫిల్‌కు గురి ఉండదు.

గురి ఉంటుంది, కానీ అది పట్టుకునేవారి పొరపాట్లను దాచదు. 50 మీటర్ల పోటీల్లో వాడే రైఫిల్ బరువు పురుషుల విభాగంలో 8 కిలోల దాకా ఉండవచ్చు. దాని ట్రిగ్గర్ వంద గ్రాములకు అటూ ఇటూగా ఒత్తితే చాలు. మన తేలికపాటి రైఫిల్ బరువు రెండున్నర కిలోలు, దాని ట్రిగ్గర్‌కు కావలసిన ఒత్తిడీ తరచు అంతే. అంటే, వేలితో లాగే బలం మొత్తం తుపాకీ బరువుతో సమానమైనప్పుడు, ఆ లాగుడు కొంచెం పక్కకు జరిగినా గొట్టం మూతి దానితోపాటు జరుగుతుంది. పైగా తూటా పేలిన తరువాత గుండు గొట్టంలోనుంచి బయటపడడానికి సెకనులో వెయ్యో వంతులు రెండు మూడు పడతాయి. ఆ వ్యవధిలోనే రైఫిల్ వెనక్కి తన్నడం మొదలుపెడుతుంది, తేలికైనది మరింత తొందరగా కదులుతుంది. కాబట్టి ఇసుక సంచిపై ఆనించేటప్పుడు స్టాక్ (గొట్టాన్నీ యంత్రభాగాన్నీ మోసే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) ముందు భాగాన్ని ప్రతిసారీ ఒకే చోట ఆనించాలి, భుజానికి ఒకే ఒత్తిడితో అదుముకోవాలి, గొట్టాన్ని మాత్రం దేనికీ ఆనించకూడదు. పెద్దాయన కుమారుడు మొదటి గుండుకు చేతిని ముందుకు, మూడో గుండుకు వెనక్కి జరుపుతున్నాడని పది నిమిషాల్లోనే కనిపించింది.

అపోహ: మూడు గుండ్లు ఒకే రంధ్రంలో పడితే రైఫిల్ బాగున్నట్టే.

మూడు గుండ్లతో ఏదీ తేలదు. అదృష్టం కలిసొస్తే చెడ్డ రైఫిల్ కూడా మూడింటిని పక్కపక్కనే వేస్తుంది. ఐదేసి గుండ్లతో ఐదు గ్రూపులు (ఒకే గురికి కాల్చిన గుండ్ల గుంపులు) కాల్చి, వాటి వెడల్పుల సగటు తీసి, ఆ కాగితాలపై తేదీ, తూటా పేరు, పెట్టె మీది లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) సంఖ్య రాసి దాచుకోవాలి. ఆ తరువాత ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలి. తూటాలూ స్కోపూ (గురిచూసే దుర్బిణీ) స్క్రూలూ ఒకే రోజు మార్చేసి "బాగైంది" అనేవారికి ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు.

అపోహ: ఖరీదైన, వేగం ఎక్కువైన తూటా వాడితే గురి కుదురుతుంది.

నా దగ్గరకు వచ్చే వాటిలో సగం సమస్యలు ఇక్కడే ఉంటాయి కనుక కాస్త వివరంగా చెబుతాను. రిమ్‌ఫైర్ తూటాలో రంజకం (దెబ్బ తగలగానే అంటుకునే మందు) మధ్యలో కాకుండా అడుగు అంచు మడతలో ఉంటుంది. ఆ అంచు చుట్టూ అది సమంగా పరుచుకోకపోతే గుండు వేగం తూటాకూ తూటాకూ మారుతుంది. గుండు వేగం సెకనుకు 330 మీటర్లనుకుంటే, అందులో 10 మీటర్ల తేడా వచ్చినప్పుడు 50 మీటర్ల వద్ద సుమారు 7 మిల్లీమీటర్ల ఎత్తు తేడా వస్తుంది. పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు.

వేగం ఎక్కువైన తూటాల సంగతి వేరు. అవి ధ్వనికన్నా వేగంగా బయలుదేరి, 50 మీటర్లు చేరేలోపే ధ్వని వేగం కిందికి దిగుతాయి. ఆ దాటే చోటే గుండు నిలకడ చెదిరే అవకాశం ఉంది. పక్కగాలికి కూడా అవే ఎక్కువ కొట్టుకుపోతాయి. వేగం పెరిగితే గాలి ప్రభావం తగ్గుతుందన్న నమ్మకానికి ఇది పూర్తిగా విరుద్ధం కనుక చాలామంది ఒప్పుకోరు, కాల్చి చూసిన తరువాతే ఒప్పుకుంటారు.

ఇక ఖరీదు విషయం. ఒక్కొక్క గొట్టానికి ఒక్కొక్క రుచి. ఒకే పేరుతో, ఒకే ధరతో వచ్చిన రెండు లాట్లలో ఒకటి మీ రైఫిల్‌కు సరిపడవచ్చు, రెండోది సరిపడకపోవచ్చు. ఎలీ, లాపువా వంటి తయారీదారులు క్రీడాకారులు తమ రైఫిల్‌తో వచ్చి లాట్లను పరీక్షించుకునేందుకు ప్రత్యేక కేంద్రాలు నడుపుతున్నది అందుకే. మనకు అంత వీలు లేకపోయినా నాలుగు రకాల తూటాలు తెచ్చి పోల్చుకోవచ్చు. రకం మార్చినప్పుడల్లా పదిహేను, ఇరవై గుండ్లు లెక్కపెట్టకుండా కాల్చాలి. గుండ్లకు పూసే మైనంలో పాతది పోయి కొత్తది గొట్టంలోపల పరుచుకునే దాకా గ్రూపు కుదరదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు మన ఊళ్లో గుండు మీది మైనం మెత్తబడుతుంది. తూటాల పెట్టెను నీడలో ఉంచండి.

అపోహ: ప్రతిరోజూ గొట్టం తోమాలి. లేదా, అసలు తోమకూడదు.

రెండూ తప్పే. శుభ్రం చేసిన వెంటనే కాల్చే మొదటి కొన్ని గుండ్లు వేరే చోట పడడం సహజం, దానికి భయపడి మళ్లీ తోమడం మొదలుపెడితే అంతే సంగతులు. కానీ తూటా కూర్చునే అర ముగిసే చోట గట్టి మసి వలయంలా పేరుకుంటుంది. గ్రూపు మెల్లమెల్లగా వారాల తరబడి పెరుగుతూ వస్తే, తూటా లోపలికి తోసేటప్పుడు మునుపటికన్నా గట్టిగా తగిలితే, ముందుగా అక్కడ చూడాలి. చిన్న టార్చి వెలుగులో ఆ వలయం నల్లగా కనిపిస్తుంది. మసిని కరిగించే ద్రావకంలో తడిపిన గుడ్డను కాసేపు అక్కడ ఆనించి ఉంచి, ఆపై కంచు బ్రష్షుతో తుడవాలి.

తోమే దిశ అంతకన్నా ముఖ్యం. కొత్తలో నేను అతుకుల ఇనుప కడ్డీని గొట్టం మూతివైపు నుంచి దూర్చి, మూతి అంచుకు రాపిడి పెట్టి, ఒక మంచి రైఫిల్‌ను పాడుచేశాను. గుండు చివరిసారి తాకేది ఆ అంచునే. అక్కడ చిన్న గీత పడితే వెనక ఎంత మంచి గొట్టం ఉన్నా లాభం లేదు. బోల్టు (తూటాను లోపలికి తోసి గొట్టం వెనక మూసే భాగం) తీసి వెనకనుంచి తోమాలి. వెనకనుంచి దారిలేని సెమీ ఆటోమేటిక్ రకాలకు తాడుతో లాగే పద్ధతి వాడాలి.

అపోహ: స్క్రూలు ఎంత బిగిస్తే అంత మంచిది.

తేలికపాటి రైఫిల్‌లో యంత్రభాగాన్ని స్టాక్‌కు కలిపేవి ఒకటి రెండు స్క్రూలే. వదులైతే గుండ్లు రెండు గుంపులుగా పడతాయి, మితిమీరి బిగిస్తే ప్లాస్టిక్ స్టాక్ వంగుతుంది, చెక్క నలుగుతుంది. తయారీదారు చెప్పిన బిగింపుకే టార్క్ డ్రైవర్‌తో (బిగింపు బలాన్ని కొలిచే స్క్రూడ్రైవర్) బిగించాలి. చెక్క స్టాక్ అయితే మన కృష్ణా తీరపు వానాకాలపు తేమకు ఉబ్బి గొట్టాన్ని ఒకవైపు నొక్కుతుంది. గొట్టం తేలి ఉండేలా, అంటే స్టాక్‌కు తగలకుండా, చేసిన రైఫిల్‌లో ఒక పాత బస్సు టికెట్టును గొట్టానికీ స్టాక్‌కూ మధ్య పెట్టి వెనక్కి జరపండి, ఎక్కడ ఇరుక్కుంటే అక్కడే తగులుతున్నది. ఆ చోటును గీకించడానికి కుర్చీలు చేసే వడ్రంగి దగ్గరకు వెళ్లవద్దు. లైసెన్సున్న తుపాకీ మరమ్మతుదారుకే ఇవ్వాలి, చట్టం కూడా అదే చెబుతుంది.

అపోహ: 50 మీటర్లకు గాలి లెక్క అక్కరలేదు.

గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలి మామూలు వేగపు గుండును 50 మీటర్లలో సుమారు ఒక అంగుళం నెడుతుంది. సాయంత్రం నదిమీదనుంచి వీచే గాలికి అది పెద్ద వేగమేమీ కాదు.

అపోహ: స్కోప్ ఎంత పెద్దగా చూపిస్తే గురి అంత బాగుంటుంది.

పెద్దది చేసి చూపడంకన్నా ముందు అది కదలకుండా ఉండాలి. స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటు స్క్రూలు చూడండి. సెంటర్‌ఫైర్ (రంజకం తూటా అడుగు మధ్యలో ఉండే) రైఫిల్ కోసం చేసిన స్కోప్‌లు సాధారణంగా 100 గజాలకు సరిచేసి ఉంటాయి; 50 మీటర్ల వద్ద కన్ను కాస్త జరిగితే క్రాస్ గీతలు టార్గెట్‌పై జరిగినట్టు కనిపిస్తాయి, ఆ తేడా కాగితం మీదకే వస్తుంది.

అపోహ: నాలుగైదు వేలు కాల్చితే బ్యారెల్ అరిగిపోతుంది.

సీసపు గుండు, తక్కువ పీడనం. సరిగా చూసుకుంటే పాయింట్ టూ టూ గొట్టం పదివేల గుండ్లను ఏమాత్రం లెక్కచేయదు. పెద్దాయన రైఫిల్ సంచిలో పట్టేలా రెండు ముక్కలుగా విడదీసే రకం. గొట్టాన్ని యంత్రభాగానికి బిగించే మరను ఇంట్లో ఎవరో సగం తిప్పి వదిలేశారు. వేలితో ఊపితే గొట్టం సన్నగా టక్కుమంది. పూర్తిగా బిగించి, చేయి ఒకేచోట ఆనించమని చెప్పి, అంతకుముందు వాడిన అదే పెట్టెలోని తూటాలతో ఐదు గ్రూపులు కాల్పించాను. నాలుగు గ్రూపులు రూపాయి బిళ్ల కింద దాగేంతలో పడ్డాయి. ఐదో గ్రూపు పడలేదు, ఆ అబ్బాయి అలసిపోయాడు.