లాజిస్టిక్స్‌లో ఎంబీఏ చదవబోతున్న పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో ఇద్దరు లాజిస్టిక్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చేయడానికి నిశ్చయించుకున్నారని, ఇంకొకరు చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నారని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం మాటలు జారిపోతాయి కాబట్టి, ఆ చదువులో ఏముంటుందో, దేని మీద ఎక్కువ మనసు పెట్టాలో తీరుబడిగా కాగితం మీద పెడుతున్నాను.

సరుకును ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం నేర్పే చదువు ఇదని చాలామంది అనుకుంటారు. ఆ మాటలో తప్పు లేదు గానీ, అది పైపై సంగతి. సరుకు నడిచే దారిలో ఒకచోట తగ్గించిన ఖర్చు చాలాసార్లు మాయమైపోదు. ఇంకోచోట, ఇంకొకరి పద్దులో, ఇంకో పేరుతో తేలుతుంది. ఆ రెండో చోటును ముందే చూసి, రెండింటినీ కలిపి లెక్కకట్టగలగడమే ఈ చదువుకు ఆయువుపట్టు అని నా నమ్మకం. రవాణా, గోదాముల నిర్వహణ, కొనుగోళ్లు, నిల్వల నియంత్రణ, ఆపరేషన్స్ రీసెర్చ్ అని మీ సిలబస్‌లో సబ్జెక్టులు విడివిడిగా కనిపిస్తాయి. ఈ ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకుని చదివితే అవన్నీ ఒకే సబ్జెక్టుగా అర్థమవుతాయి.

ఈ ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చిన అధ్యయనం ఒకటి 1956లో వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన హోవర్డ్ లూయిస్, జేమ్స్ కల్లిటన్, జాక్ స్టీల్ అనే ముగ్గురు విమానాల్లో సరుకు పంపడం ఎవరికి గిట్టుబాటు అవుతుందని పరిశీలించారు. రవాణా బిల్లు ఒక్కటే చూస్తే విమానం ఎప్పుడూ ఖరీదైనదే. అయితే సరుకు వేగంగా చేరుతుందంటే దూర ప్రాంతాల్లో గోదాములు తక్కువ చాలు. గోదాములు తగ్గితే వాటిలో నిల్వ తగ్గుతుంది. నిల్వ తగ్గితే అందులో ఇరుక్కున్న పెట్టుబడి, దాని మీద వడ్డీ, బీమా, పాతబడి పారేయవలసి వచ్చే సరుకు అన్నీ తగ్గుతాయి. ఇవన్నీ ఒకచోట కూడితే కొన్ని రకాల సరుకులకు విమానమే చౌక అని వాళ్లు చూపించారు. వినడానికి ఇది సులువుగానే ఉంటుంది. ఆచరణలో కష్టం ఎక్కడ వస్తుందంటే, కంపెనీలో రవాణా బిల్లు తగ్గించినందుకు మెప్పు పొందే అధికారి ఒకరు, దాని వల్ల పెరిగిన నిల్వకు జవాబు చెప్పవలసిన అధికారి మరొకరు. ఇద్దరూ తమ తమ పని చక్కగా చేస్తూనే కంపెనీకి నష్టం తెస్తుంటారు. మీరు ఉద్యోగంలో చేరాక ఎక్కువగా ఎదుర్కొనేది ఈ పరిస్థితినే.

అదే సంవత్సరం ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి ఐడియల్-ఎక్స్ అనే ఓడ మీద 58 కంటైనర్లను అమెరికాలోని న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అంతకుముందు బస్తాలు, పీపాలు, పెట్టెలు ఒక్కొక్కటిగా మనుషులు ఎక్కించి దించేవారు; ఓడలు సముద్రం మీద కంటే రేవులో ఎక్కువ కాలం గడిపిన సందర్భాలూ ఉండేవి. టన్ను సరుకు ఎక్కించడానికి అప్పట్లో ఆరు డాలర్లకు కాస్త తక్కువ అయ్యేది, ఆ ఓడకు మాత్రం సుమారు 16 సెంట్లు అయిందని లెక్క తేల్చారు. అయితే ఆ పొదుపు ఇనుప పెట్టె ఒక్కటి చేసినందువల్ల రాలేదు. పెట్టెకు తగిన క్రేను, క్రేనుకు తగిన రేవు, రేవు నుంచి పెట్టెను అలాగే లాక్కుపోయే లారీ, అన్ని దేశాలూ ఒప్పుకున్న కొలతలు, ఇవన్నీ కుదరడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఈనాటికీ ఓడ ఎన్ని పెట్టెలు మోస్తుందో 20 అడుగుల పెట్టెను ప్రమాణంగా తీసుకునే చెబుతారు.

తరువాతి కథ కూడా చదవండి. ఓడ పెద్దదయ్యే కొద్దీ పెట్టెకు అయ్యే ఖర్చు తగ్గుతుందని, సుమారు 400 మీటర్ల పొడవు, 20,000 పెట్టెల సామర్థ్యం ఉన్న ఓడలు కట్టారు. అంత ఓడ రేవుకు వస్తే వేల పెట్టెలు ఒక్కసారిగా దిగుతాయి. యార్డు నిండిపోతుంది, లారీలు బారులు తీరుతాయి, ఓడ యజమానికి మిగిలిన సొమ్ములో కొంత రేవు మీద, లారీ యజమాని మీద పడుతుంది. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే అలాంటి ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసేసినప్పుడు, ఆ ఖర్చును ఏ సంబంధమూ లేని వందలాది ఓడలు కూడా భరించాయి.

ఇక నిల్వల లెక్క. ఇది మొదటి సెమిస్టర్‌లోనే వస్తుంది, చాలామంది సూత్రం బట్టీపట్టి వదిలేస్తారు. మీరు అలా చేయవద్దు. 1913లో ఫోర్డ్ విట్మన్ హారిస్ అనే ఇంజనీరు ఒకసారికి ఎంత ఆర్డరు పెడితే మంచిదో లెక్క కట్టాడు. ఒక వస్తువు ఏడాదికి 3,600 కావాలనుకుందాం. ఆర్డరు పెట్టిన ప్రతిసారీ, ఎన్ని కొన్నా సరే, కాగితాలకూ తనిఖీకీ దింపుడుకూ కలిపి 200 ఖర్చు. ఒక్కో వస్తువును ఏడాది పాటు నిల్వ ఉంచడానికి 4 ఖర్చు. ఏడాది అవసరాన్ని రెట్టింపు చేసి, ఆర్డరు ఖర్చుతో గుణించి, నిల్వ ఖర్చుతో భాగించి, వర్గమూలం తీస్తే 600 వస్తుంది. అంటే ఏడాదికి ఆరు ఆర్డర్లు, వాటికి 1,200, సగటు నిల్వ 300, దానికి మరో 1,200, మొత్తం 2,400. ఇప్పుడు 600కు బదులు 900 చొప్పున కొని చూడండి. ఆర్డర్ల ఖర్చు 800కు దిగుతుంది, నిల్వ ఖర్చు 1,800కు ఎక్కుతుంది, మొత్తం 2,600. ఆర్డరు పరిమాణంలో యాభై శాతం తేడా వచ్చినా ఖర్చు పెరిగింది ఎనిమిది శాతానికి కాస్త పైన మాత్రమే. కాబట్టి 600 అనే అంకెను పట్టుకుని వేలాడకుండా, సరుకు పేర్చే చెక్క పలకలు (ప్యాలెట్లు) నిండేలా, లారీ ఖాళీగా తిరగకుండా దాన్ని అటూ ఇటూ జరపవచ్చు. కాగితం మీద ఈ లెక్కను మీ చేత్తో నాలుగైదు అంకెలతో చేసి చూస్తే, సూత్రం ఎంతవరకు నమ్మదగినదో మీకే తెలుస్తుంది.

గిరాకీ ఊహించినదాని కంటే పెరిగితే ఆదుకోవడానికి అదనంగా ఉంచుకునే నిల్వకు వేరే లెక్క ఉంది. నాలుగు గోదాముల సరుకును ఒకే గోదాములోకి చేరిస్తే, ఆ అదనపు నిల్వ సగం చాలు. నాలుగు చోట్లా గిరాకీ ఒకే తీరున ఉండి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా హెచ్చుతగ్గులు అవుతుంటేనే ఇది నిజం. ఒకే కారణంతో నాలుగు చోట్లా ఒకేసారి గిరాకీ పెరిగితే ఆ లాభం ఉండదు. పైగా కొనేవాడికి గోదాము దూరమవుతుంది. పరీక్షలో మొదటి సగం రాసినవాళ్లకు మార్కులు వస్తాయి, రెండో సగం తెలిసినవాళ్లకు పని వస్తుంది.

తరగతిలో మీ చేత ఒక ఆట ఆడిస్తారు; ఆ రోజు మాత్రం మానకండి. అమెరికాలోని ఎంఐటీ అనే విద్యాసంస్థలో జే ఫారెస్టర్ బృందం 1960 ప్రాంతంలో రూపొందించిన ఈ ఆటను బీర్ గేమ్ అంటారు. చిల్లర వ్యాపారి, టోకు వ్యాపారి, పంపిణీదారు, ఫ్యాక్టరీ అని నలుగురు వరుసగా కూర్చుంటారు. ఎవరూ మాట్లాడుకోకూడదు, వారానికి ఒక ఆర్డరు చీటీ మాత్రమే పక్కవారికి వెళ్తుంది. సరుకు చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. కొనుగోలుదారులు మొదటి నాలుగు వారాలు నాలుగేసి పెట్టెలు అడుగుతారు, ఐదో వారం నుంచి ఎనిమిదేసి అడుగుతారు, ఆ తరువాత ఆట ముగిసేదాకా ఆ అంకె మారదు. జరిగింది అంతే. అయినా చిల్లర వ్యాపారి భయపడి కాస్త ఎక్కువ అడుగుతాడు, టోకు వ్యాపారి దానికి మరికాస్త కలుపుతాడు, ఫ్యాక్టరీకి చేరేసరికి ఆర్డరు అసలు గిరాకీకి ఎన్నో రెట్లు అవుతుంది; కొన్ని వారాల తరువాత సరుకంతా వచ్చిపడి, అందరూ ఆర్డర్లు ఆపేస్తారు. ఆట అయ్యాక గిరాకీ మారింది ఒక్కసారేనని చెబితే ఎవరూ నమ్మరు.

ఆర్డర్లు ఇలా చేతులు మారేకొద్దీ ఉబ్బిపోవడాన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ అనే పరిశోధకులు 1997లో దీనికి కారణాలు వివరించారు: చూసిన ప్రతి ఆర్డరును బట్టి అంచనా మార్చుకోవడం, ధరలు దింపి ఎక్కించడం, సరుకు కొరతగా ఉన్నప్పుడు అవసరానికి మించి అడగడం, కొద్దికొద్దిగా కాకుండా ఒక్కసారే పెద్ద ఆర్డరు పెట్టడం. చివరి కారణం దగ్గర ఆగి చూడండి. పైన హారిస్ లెక్కలో 600 చొప్పున ఆర్డరు పెట్టి మనం మిగుల్చుకున్నాం. మనకు సరుకు అమ్మేవాడికి దాదాపు రెండు నెలలు ఏ ఆర్డరూ రాక, తరువాత ఒక్కసారిగా 600 వచ్చిపడుతుంది. మన పొదుపు అతని గోదాములో భారమైంది. అందుకే ఆర్డరు పెట్టే ఖర్చునే తగ్గించి, చిన్న చిన్న ఆర్డర్లు తరచుగా పెట్టగలిగేలా చేయడం ఇద్దరికీ మేలు.

నిల్వ తగ్గించడం గురించి చదివి ఉత్సాహపడే ముందు, 2000 మార్చి 17న న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో ఫిలిప్స్ చిప్‌ల ఫ్యాక్టరీలో జరిగిన ప్రమాదం గురించి చదవండి. పిడుగుపాటు కారణంగా మంటలు లేచాయి, సుమారు పది నిమిషాల్లో ఆరిపోయాయి. కానీ దుమ్ము కణం కూడా ఉండకూడని గదుల్లోకి పొగ చేరడంతో ఉత్పత్తి ఆగింది. అక్కడి చిప్‌లు వాడే ఫోన్ల కంపెనీ నోకియా ఆలస్యాన్ని వెంటనే పసిగట్టి, వేరే చోట్ల నుంచి చిప్‌లు సమకూర్చుకుంది, కొన్నిటి డిజైన్ కూడా మార్చుకుంది. అక్కడి చిప్‌లే వాడే మరో ఫోన్ల కంపెనీ ఎరిక్సన్ ఖర్చు తగ్గించుకోవడానికి అప్పటికే ఒకే సరఫరాదారు మీద ఆధారపడి ఉంది. రెండో దారి లేక సుమారు 40 కోట్ల డాలర్ల ఆదాయం పోగొట్టుకుంది. ఒకే దగ్గర కొని అది ఏటా మిగుల్చుకున్నదెంత, పోయినదెంత అన్న లెక్కను ప్రమాదానికి ముందే వేయగలిగేవారే ఈ రంగానికి కావాలి.

కాగితాల పని విసుగు పుట్టిస్తుంది, అయినా వదలకండి. దేశాల మధ్య సరుకు అమ్మకంలో ఏ ఖర్చు, ఏ బాధ్యత ఎవరిదో చెప్పే నిబంధనలను ఇన్‌కోటర్మ్స్ అంటారు. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదట ప్రకటించిన వాటిలో 2020 నాటి రూపం ప్రకారం పదకొండు నిబంధనలు ఉన్నాయి. సీఐఎఫ్ అన్నప్పుడు గమ్యం రేవుదాకా ఓడ కిరాయి, బీమా అమ్మేవాడే కడతాడు, అందువల్ల దారిలో సరుకు పాడైతే బాధ్యత కూడా అతనిదేనని చాలామంది పొరబడతారు. నిజానికి, ఓడ కిరాయి కొనేవాడే కట్టుకునే ఎఫ్ఓబీ నిబంధనలో లాగే బయలుదేరే రేవులో ఓడకెక్కగానే ఆ నష్టభయం కొనేవాడికి బదిలీ అవుతుంది. ఖర్చు ఎవరిది, నష్టభయం ఎవరిది అనే రెండు గీతలూ ఒకేచోట ఉండవలసిన పని లేదు. ఈ ఒక్క భేదం తెలియక తగాదాలకు దిగినవాళ్లను నేను చూశాను.

గణితం అంటే జంకేవారు మీలో ఉన్నారు. లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న పరిమితుల్లో అన్నిటికంటే మేలైన మార్గం వెతికే గణితం), కొంత సంభావ్యత, ఎక్సెల్ బాగా వస్తే చదువు సాగిపోతుంది. లారీ పది చోట్ల ఆగాలంటే ఆ పదింటినీ 36,28,800 వరుసల్లో తిరగవచ్చు, ఇరవై చోట్లయితే ఆ సంఖ్య ఊహకు అందదు. డాంట్జిగ్, రామ్సర్ 1959లో ఈ లారీల సమస్యను గణితంగా రాసినప్పటి నుంచి దాని మీద పని సాగుతూనే ఉంది. సాఫ్ట్‌వేర్ దారి చూపుతుంది. ఏ గేటు దగ్గర మధ్యాహ్నం రెండు గంటలు నిలబెడతారో డ్రైవరుకే తెలుస్తుంది, కాబట్టి రూటు గీసే ముందు డ్రైవరును అడగండి.

చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి ఒక మాట. వీలు చూసుకుని, అనుమతి తీసుకుని, ఏదైనా గోదాములో సరుకు పంపే వేళ కొంతసేపు నిలబడి చూడు. గంటకు 30 లారీలు వస్తూ, ఒక్కోటి లోపల రెండు గంటలు ఉంటే, యార్డులో సగటున 60 లారీలు ఉంటాయి. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం అది. యార్డు చాలడం లేదని స్థలం కొనే ముందు, ఆ రెండు గంటలు దేనికి పోతున్నాయో చూడాలి. తూకానికా, కాగితానికా, ఫోర్క్‌లిఫ్ట్ ఖాళీ లేకా? ఇది వెతకాలని నీకు ఆసక్తి పుడితే చేరు. పుట్టకపోతే ఫైనాన్స్‌లోనో మార్కెటింగ్‌లోనో చేరడంలో తప్పేమీ లేదు.

చేరినవాళ్లు రెండో సంవత్సరం ప్రాజెక్టుకు చిన్న ప్రశ్న ఎంచుకోండి: ఒక గోదాము, ఒక రకం సరుకు, ఒక దారి చాలు. కంపెనీ ఇచ్చే డేటాలో ఒకే వస్తువుకు మూడు పేర్లు, పెట్టెల వరుసలో కిలోలు, బయలుదేరిన తేదీ కంటే ముందున్న చేరిన తేదీ తప్పక కనిపిస్తాయి. వాటిని చెరిపేయకుండా, ఆ అంకెలు నమోదు చేసే గుమస్తా పక్కన కూర్చుని ఎందుకలా రాశారో అడగండి; చాలాసార్లు ప్రాజెక్టుకు కావలసిన విషయం అక్కడే దొరుకుతుంది. మీరు ఎంచుకున్న కాలేజీల సిలబస్‌లు నాకు పంపండి, ఎలక్టివ్‌లు చూసి వేరే ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న