సింగపూర్ వాటర్ పోలో: అపోహలు - వాస్తవాలు

నేను సింగపూర్‌లో పిల్లలకు వాటర్ పోలో నేర్పిస్తాను, అంటే కొలనులో ఈదుతూ బంతిని గోల్‌లోకి విసిరే జట్టు ఆట. మన తెలుగు పిల్లలు కూడా వస్తుంటారు. ఇక్కడి ఆట చరిత్ర గురించి తల్లిదండ్రులు చెప్పుకునే మాటల్లో సగం నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: స్వతంత్ర దేశమయ్యాక ప్రభుత్వం డబ్బు పోసి పెంచిన ఆట.

వాస్తవం: సింగపూర్ విడి దేశమైంది 1965 ఆగస్టులో. మనీలా ఆసియా క్రీడల్లో వాటర్ పోలో స్వర్ణం గెలిచింది 1954లో, ఇంకా బ్రిటిష్ పాలనలో ఉండగానే. అంతకు మూడేళ్ల ముందు న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లోనూ రజతం సాధించింది. ఆ ఢిల్లీ క్రీడల స్వర్ణం ఎవరిదో తెలుసా? మన భారత్‌ది! ఈ మాట చెబితే మనవాళ్లే నమ్మరు.

ఆ జట్లను తయారుచేసినవి ఈత క్లబ్బులు. చైనీస్ స్విమ్మింగ్ క్లబ్ 1905 నాటిది. మామూలు జనానికి మౌంట్ ఎమిలీ కొలను ఉండేది. పాత రిజర్వాయర్‌నే మార్చి 1931లో తెరిచారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు కూడా జట్టు వెళ్లింది. అక్కడ అట్టడుగున నిలిచినా, ఆ పేర్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. టాన్ ఎంగ్ లియాంగ్, ఆయన సోదరుడు టాన్ ఎంగ్ బాక్ ఇద్దరూ ఆ జట్టులో ఆడారు. ఎంగ్ లియాంగ్ తర్వాత పేరున్న రోడ్స్ స్కాలర్‌షిప్‌పై ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, రాజకీయాల్లోకీ వచ్చారు.

అపోహ: ఇక్కడి ఆటగాళ్లకు ఇదే ఉద్యోగం.

వాస్తవం: కాదు. చదువులు, ఆఫీసులు, మగపిల్లలకు రెండేళ్ల నేషనల్ సర్వీస్ (సైన్యం వంటి వాటిలో తప్పనిసరి సేవ) అన్నీ ఉంటాయి. పని ముగించుకుని సాయంత్రం కొలనుకు వస్తారు.

అపోహ: కాళ్లు నేలకు ఆనించి ఆడతారు, ఎత్తుంటే చాలు.

వాస్తవం: గోల్‌కీపర్ తప్ప ఎవరూ కొలను అడుగును తాకకూడదు. పెద్ద పోటీల్లో లోతు రెండు మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి తాకాలన్నా కుదరదు. మోకాళ్లు వెడల్పుగా పెట్టి, పిండి కలిపే చేతుల్లా పాదాలను ఒకటి మార్చి ఒకటి లోపలికి తిప్పుతూ నిలబడాలి. కొత్త పిల్లలతో రెండు చేతులూ నీళ్ల పైకి ఎత్తిస్తాను. మొదట్లో గడ్డం మునుగుతుంది. కాళ్లు కుదిరాక భుజాలు పైకొస్తాయి. బంతి విసరడం ఆ తర్వాతే.

అపోహ: ఆగ్నేయాసియా క్రీడల్లో సింగపూర్‌కు ఓటమే లేదు.

వాస్తవం: 1965 నుంచి 2017 వరకు పురుషుల జట్టు వరసగా 27 స్వర్ణాలు గెలిచిన మాట నిజమే. 2019లో ఫిలిప్పీన్స్‌లో ఆ పరుగు ఆగింది. ఇండోనేషియా స్వర్ణం ఎగరేసుకుపోతే సింగపూర్ కాంస్యంతో సరిపెట్టుకుంది. "ఇక ఈ ఆట పనైపోయింది" అన్నవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే. 2023లో కంబోడియాలో స్వర్ణం తిరిగొచ్చింది. గెలుపు ఖాయం అనుకునే అలవాటు పోవడం జట్టుకు మంచిదని నా అభిప్రాయం.

పైగా ఆ 27 మగవాళ్ల లెక్క. 2015లో ఆతిథ్యం ఇచ్చింది సింగపూరే అయినా మహిళల స్వర్ణం థాయిలాండ్‌కు వెళ్లింది. మీ ఇంట్లో ఈత వచ్చిన ఆడపిల్ల ఉంటే పంపండి, అమ్మాయిల బ్యాచ్‌లో ఎప్పుడూ చోటుంటుంది.